నాయన చదివిన వీడియో

మా నాయనకు చెవులు ఒక్కరోజులో పోలేదు. వినుకొండ అవతల కొండ క్వారీలో ఇరవై ఏళ్ళకు పైగా డ్రిల్లు మిషను పట్టుకున్నాడు. రాతికి బెజ్జాలు వేయడం ఆయన పని. ఆ బెజ్జాల్లో వేరేవాళ్ళు మందు కూరి పేల్చేవాళ్ళు. ఇంటికొచ్చి కూర్చున్నాక కూడా ఆయన చేతులు సన్నగా అదురుతూనే ఉండేవి. మొదట ఫోను మోగితే వినపడటం లేదన్నాడు. తర్వాత అమ్మ వంటింట్లోంచి పిలిస్తే పలకడం మానేశాడు. అమ్మ కొన్నాళ్ళు అలిగాడనుకుంది. చివరికి నా గొంతూ రైలు కూతా రెండూ వినపడని స్థితికి వచ్చాడు. చెవికి పెట్టుకునే మిషను తెస్తే, మాట కంటే ఈల ఎక్కువ వస్తోందని నాలుగు రోజులకే తీసి గూట్లో పెట్టేశాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో మాటలు రాతలోకి మారాయి. నాయన ఏడో తరగతి దాకా చదివాడు. నోటుబుక్కులో పెద్ద అక్షరాలతో రాసిస్తే, వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, కూడబలుక్కుని చదివేవాడు. జవాబు మాత్రం నోటితోనే చెప్పేవాడు. తన గొంతు తనకు వినపడదు కాబట్టి అవసరానికి మించి గట్టిగా చెప్పేవాడు. మా ఇంట్లో ఏం కూర వండామో సందులో అందరికీ తెలిసేది.

నేను వినుకొండలోనే ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో కంప్యూటరు పని చేస్తాను. అమ్మ మిరపకాయలకు తొడిమలు తీసే పనికి గోడౌనుకు పోతుంది. ముగ్గురమే ఉండేవాళ్ళం.

చెవులు పోయిన రెండేళ్ళకు దగ్గు మొదలైంది. ముందు వాన తడి అనుకున్నాం, తర్వాత బీడీలు అనుకున్నాం. బీడీలు మానేశాడు, దగ్గు మానలేదు. కొండ మెట్లు పరుగున ఎక్కిన మనిషి, మా ఇంటి ముందున్న మూడు మెట్లకు మధ్యలో ఆగడం మొదలుపెట్టాడు. నరసరావుపేట తీసుకుపోయాం. అక్కడి డాక్టరు ఎక్స్‌రేను వెలుగుకు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత నాతోనూ అమ్మతోనూ మాట్లాడాడు. ఏళ్ళ తరబడి పీల్చిన రాతి పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందనీ, అక్కడ కండ గట్టిపడిపోయిందనీ చెప్పాడు. మందులు ఆయాసాన్ని కొంచెం తగ్గిస్తాయి తప్ప జబ్బును తగ్గించలేవన్నాడు. ఇక క్వారీ గడప తొక్కనివ్వొద్దన్నాడు. పక్కనే స్టూలు మీద కూర్చుని నాయన మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఏందంటన్నాడే?" అన్నాడు గట్టిగా. బయట వరండాలో కూర్చున్నవాళ్ళు తలలు తిప్పారు.

నేను సంచిలోంచి నోటుబుక్కు తీశాను. పెన్ను పట్టుకున్న నా చేతి మీద అమ్మ చెయ్యి వేసింది. తల అడ్డంగా ఊపింది. నేను రాశాను: "దుమ్ము పడలేదంట. మందులు వాడితే తగ్గుద్దంట."

నాయన వేలు పెట్టి చదివాడు. "సరే అయితే," అన్నాడు.

అలా మొదలైంది. చెవులున్న మనిషి దగ్గర ఒక సంగతి దాచాలంటే గుసగుసలాడాలి, గది మారాలి, కళ్ళు తుడుచుకుని రావాలి. మాకు ఆ కష్టమే లేకపోయింది. ఆయన ముందు కూర్చునే అన్నీ మాట్లాడుకునేవాళ్ళం. అన్నం పెడుతూ అమ్మ ఎదురింటావిడతో ఆయన జబ్బు గురించి చెప్పేది. ఆయన కంచంలోకి చూస్తూ తినేవాడు. ఇప్పుడు తలుచుకుంటే దానికంటే సిగ్గుపడాల్సింది నా జీవితంలో మరొకటి లేదు.

పని మానేశాక ఆయనకు పొద్దు గడిచేది కాదు. టీవీ పెడితే కాసేపు చూసి మొహం తిప్పుకునేవాడు. "నోళ్ళు ఆడిస్తన్నారు, ఏం చెబుతున్నారో ఏమో," అనేవాడు. అప్పుడే మా కాలేజీ ల్యాబులో పాత ల్యాప్‌టాపులు మార్చారు. పక్కన పడేసిన వాటిలో ఒకటి ప్రిన్సిపాలును అడిగి ఇంటికి తెచ్చాను.

వీడియోలు చూసే బ్రౌజరుకు మనకు కావలసిన చిన్న చిన్న పనిముట్లు తగిలించుకోవచ్చునని ఆఫీసు పనిలో తెలుసుకున్నాను. వాటిని ఎక్స్‌టెన్షన్లంటారు. నాయన కోసం వెతికి వెతికి నాలుగు తగిలించాను. ఒకటి, వీడియోలో మాట్లాడే మాటలు కింద అక్షరాలుగా వచ్చేటప్పుడు ఆ అక్షరాలను మనకు కావలసినంత పెద్దవి చేస్తుంది. నల్లటి పట్టీ మీద పసుపు రంగులో, కొట్టు బోర్డు మీద రాతలంత పెద్దవి పెట్టాను. మాట ఏ భాషలో ఉన్నా దాన్ని తెలుగులోకి మార్చి చూపించేది కూడా అదే. రెండోది వీడియో వేగం తగ్గిస్తుంది. నాయన ఒక వరుస చదివే లోపల మూడు వరుసలు పోయేవి కాబట్టి సగం వేగానికి దించాను. మూడోది, మనం గుర్తు పెట్టిన చోటి నుంచి ఇంకో గుర్తు దాకా అదే ముక్కను మళ్ళీ మళ్ళీ ఆడిస్తుంది. అర్థం కాని చోట తిరగేసి చదువుకుంటాడని అది పెట్టాను. నాలుగోది ప్రకటనలనూ పక్కన వరుసగా వచ్చే వేరే వీడియోల బొమ్మలనూ దాచేస్తుంది. ఏదో ఒకటి నొక్కి ఎక్కడికో పోతాడని అది పెట్టానని అమ్మతో చెప్పాను. అసలు భయం వేరే ఉందని నాకు తెలుసు.

కీబోర్డు మీద ఏ మీట ఏమిటో గుర్తుండటానికి అమ్మ బొట్టుబిళ్ళలు అంటించాను. ఎర్రది నొక్కితే నెమ్మదిస్తుంది, ఆకుపచ్చది నొక్కితే వేగం పెరుగుతుంది, నల్లవి రెండూ ముక్క మొదలూ చివరా. ఏం చూడాలో టైపు చేయలేడు కాబట్టి మైకు గుర్తు నొక్కి నోటితో చెప్పమన్నాను. ఆ పెద్ద గొంతుతో ఆయన "మిరపకు నల్లి" అని అరిస్తే సందు చివరి దాకా వినపడింది. తెర మీద ఆకులు ముడుచుకున్న మిరప చేను వచ్చింది. కింద పసుపు అక్షరాలు ఒక్కొక్కటే నడిచాయి. నాయన పెదాలు కదిలాయి.

"చదవటానికి వస్తందమ్మా," అన్నాడు. అప్పటికి ఎన్ని నెలలయిందో ఆయన మొహంలో వెలుగు చూసి.

ఇక ఆ పూట నుంచి ల్యాప్‌టాపు ఆయనదే. బోరు వేయడం, బర్రెలకు రోగాలు, సముద్రంలో చేపలు పట్టడం, ఏది పడితే అది చూసేవాడు. యంత్రం చేసే తెలుగు వంకరగా ఉండేది. ఆ వంకరల్ని తనే సరిచేసుకుంటూ, సాయంత్రం నేను రాగానే చూసినవన్నీ చెప్పేవాడు. ఒకరోజు ఏదో చలి దేశంలో రాతి క్వారీ వీడియో చూశాడు.

"వాళ్ళు డ్రిల్లు ఏసేటప్పుడు నీళ్ళు పోస్తన్నారే. గొట్టం పెట్టి నీళ్ళు. దుమ్మే లేవట్లా. మూతికి ఏనుగు తొండం మాదిరి ఏదో కట్టుకున్నారు. మాకు తువ్వాల కూడా ఎవడూ కట్టుకోమనలా," అన్నాడు.

నేను "అవునా" అని రాసి, వంటింట్లోకి పోయాను. అక్కడితో ఆగిపోతుందనుకున్నాను.

తర్వాత పది పన్నెండు రోజులు నాయన పెద్దగా మాట్లాడలేదు. ఏం చూశావని అడిగితే "ఏముంది, అయ్యే," అనేవాడు. ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే పిలిచాడు.

"అమ్మా, పెట్టె బిగుసుకుపోవటం అంటే ఏందే?"

నాకు నవ్వొచ్చింది. "ఏ పెట్టె?" అని రాశాను.

"ఏ పెట్టో నాకేం తెలుసు? గాలి పీల్చేటప్పుడు పెట్టె బిగుసుకుంటదని రాస్తన్నాడు."

ఒక్క క్షణం పట్టింది నాకు. ఇంగ్లీషులో పెట్టెకూ రొమ్ముకూ ఒకటే మాట, చెస్ట్. యంత్రానికి మనిషి రొమ్ము తెలియదు, పెట్టె అని మార్చింది. తడి కాళ్ళతోనే ల్యాప్‌టాపు దగ్గరికి వెళ్ళాను.

తెర మీద తెల్ల కోటు వేసుకున్న ఒకావిడ ఊపిరితిత్తుల బొమ్మ ముందు నిలబడి ఉంది. వేగం సగానికీ తక్కువలో ఉంది. నల్ల బొట్టుబిళ్ళలతో గుర్తులు పెట్టి ఉన్నాయి. వీడియో మొత్తంలో చిన్న ముక్క ఒకటి అదే పనిగా తిరుగుతోంది. ఆవిడ నోరు నెమ్మదిగా తెరుచుకుని, నెమ్మదిగా మూసుకుంటోంది. కింద పసుపు అక్షరాలు. "రాతి ధూళి పీల్చిన కార్మికులలో పెట్టె బిగుతు. ఊపిరి తక్కువ. ఈ వ్యాధికి నివారణ లేదు." ముక్క అయిపోయి మళ్ళీ మొదలైంది. మళ్ళీ అదే మాట. ఎన్నిసార్లు చదివి ఉంటాడో నాకు తెలియదు. ఆ పనిముట్టు పెట్టింది నేనే.

నోటుబుక్కు తీసి "నాయనా" అని రాశాను.

"మిగతాదంతా అర్థమైందిలే," అన్నాడాయన. ఎందుకో ఆ పూట ఆయన గొంతు గట్టిగా లేదు. "ఆ పెట్టె ఒక్కటే తెలవలా."

నా రొమ్ము మీద చెయ్యి వేసుకుని చూపించాను. తల ఊపాడు.

"నరసరావుపేటలో ఆ డాక్టరు అంతసేపు మాట్లాడాడు. మీ అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నువ్వేమో రెండు ముక్కలు రాశావు. అప్పుడే అనుకున్నా. చెవులు పోయినయ్ గానీ కళ్ళు పోలేదు గదమ్మా. మీరు పనికి పోయినాక మైకులో రాతి దుమ్ము, దగ్గు అని అడిగా." కాసేపు దగ్గి, ఊపిరి కూడదీసుకుని అన్నాడు. "చెప్పి ఉంటే మంచిది. నాతోటి పనిచేసినోళ్ళు ఇంకా కొండ మీదనే ఉన్నారు."

నేను నా గురించే, ఆయన భయం గురించే ఆలోచించాను. ఆయన ఆలోచించింది వేరే.

అమ్మ పనినుంచి వచ్చి సంగతి తెలిసి నామీద విరుచుకుపడింది. "ఏమే, చదువుకున్నదానివి, ఇంత తెలివి లేదా నీకు? దాన్ని తీసకపోయి బయట పారెయ్!" అని ల్యాప్‌టాపు మూత మూయబోయింది. నాయన ఆ చెయ్యి పట్టుకున్నాడు. "దాని జోలికి రామాక. అబద్ధం చెప్పింది అది గాదు," అన్నాడు. అమ్మ ఆ గోడకే జారగిలబడి ఏడ్చింది. ఆయన ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఓదార్చాల్సినవాడు ఎవరో, ఓదార్పు అందుకోవాల్సినవాడు ఎవరో తారుమారైపోయింది.

ఆ ఆదివారం నాయన తనతో డ్రిల్లు పట్టిన నలుగురిని ఇంటికి పిలిపించాడు. వాళ్ళలో ఒకాయన్ని నేను చిన్నప్పటి నుంచీ బాబాయి అంటాను. నాయన పక్కన పదిహేనేళ్ళు నిలబడి పని చేసినవాడు. నలుగురూ చాప మీద కూర్చున్నారు. ఇద్దరికి చెవులు అప్పటికే మందగించాయి, ఒకాయనకు చదువు రాదు. నేను స్టూలు మీద ల్యాప్‌టాపు పెట్టి, అక్షరాలు ఇంకా పెద్దవి చేసి, వేగం బాగా తగ్గించి వీడియో ఆడించాను. నాయన పక్కనే కూర్చుని, చదువు రాని ఆయన కోసం ప్రతి వరుసా పైకి చదివాడు. ఎంత గట్టిగా చదివాడంటే వీధిలో పోయేవాళ్ళు గుమ్మం దగ్గర ఆగారు. "పెట్టె అంటే రొమ్మురా, ఆ మిషనుకు తెలవదు," అని మధ్యలో తనే సరిదిద్దాడు. ప్రతి రెండు వరుసలకూ ఊపిరి అందక ఆగేవాడు. ఆగినప్పుడు నేను వీడియో ఆపేదాన్ని. వాళ్ళు ఆయన మళ్ళీ ఊపిరి తీసుకునేదాకా నేల చూపులు చూసేవాళ్ళు. వీడియోలో చెప్పినదానికంటే ఆ ఆగడమే వాళ్ళకు ఎక్కువ చెప్పిందనుకుంటాను.

అయిపోయాక ల్యాప్‌టాపు మూత వేశాను.

"నీళ్ళు పెట్టి డ్రిల్లు ఏద్దామంటే మేస్త్రీ ఊరుకుంటాడా? ఊళ్ళో తాగటానికే టాంకరు రావట్లా," అన్నాడు ఒకాయన.

"పని మానేసి ఏం తినాల?" అన్నాడు ఇంకొకాయన. ఆయనే కాసేపటికి లేచి నిలబడి, "ఇది చూపించటానికా పిలిచింది? తెలవక నిమ్మళంగా ఉన్నోళ్ళం గదరా. పిల్లలున్నోడ్ని నేను," అన్నాడు. అమ్మ తెచ్చిన టీ తాగకుండానే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన ఏమన్నాడని నాయన నన్నడిగాడు. ఈసారి ఉన్నదున్నట్టు రాశాను. నాయన చదివి, "వాడి బాధ వాడిది," అన్నాడు.

బాబాయి ఒక్కడే ఆ తర్వాతి వారం నరసరావుపేట వెళ్ళి ఎక్స్‌రే తీయించుకున్నాడు. ఆ కవరు పట్టుకుని తిన్నగా మా ఇంటికే వచ్చాడు. నాయన దాన్ని కిటికీ దగ్గర ఎండకు పెట్టి, తన ఎక్స్‌రే కూడా తెప్పించుకుని పక్కపక్కన పట్టుకున్నాడు. బాబాయి దానిలో మచ్చలు తక్కువ, చిన్నవి. ఉన్నాయి మాత్రం.

"నువ్వన్నా మానెయ్‌రా," అన్నాడు నాయన.

బాబాయి మానలేదు. ముందు అడిగి చూశాడు. డ్రిల్లుకు నీళ్ళు పెట్టించమనీ మూతికి మాస్కులు ఇప్పించమనీ మేస్త్రీ ద్వారా ఓనరుకు చెప్పించాడు. ఎక్స్‌రే కూడా చూపించాడు. సోమవారం నుంచి పనికి రావద్దని కబురొచ్చింది. ఆ పైన ఇంకే క్వారీలోనూ ఆయన్ను పెట్టుకోలేదు. చివరికి మా అమ్మ వెంట మిరప గోడౌనుకు పోయి ఆడవాళ్ళ వరుసలో కూర్చుని తొడిమలు తీశాడు. మిరప ఘాటుకు దగ్గీ దగ్గీ కళ్ళు ఎర్రబడి, పదే పదే బయటికి లేచిపోతాడని అమ్మ చెప్పింది. ఆ సంగతి కూడా నాయనకు రాశాను. ఏదీ దాచకూడదని అప్పటికి నిశ్చయించుకున్నాను. ఆయన చదివి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిజం చెప్పడం కూడా తేలికైన పని కాదని ఆ రోజు తెలిసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక పొద్దున బ్రౌజరు తనంతట తను అప్‌డేటయి కొత్తదైంది. అక్షరాలు పెంచే పనిముట్టు ఇక పనిచేయదని ఒక వరుస చూపించి ఊరుకుంది. తెర కింద అక్షరాలు చీమల్లా అయిపోయాయి. నేను ఆఫీసుకు సెలవు పెట్టి అలాంటిదే ఇంకోటి వెతికి తగిలించాను. నాయన కాసేపు చూసి ఎర్ర బొట్టుబిళ్ళ నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. "ఇక చాల్లేమ్మా. చూసినకాడికి చాలు," అని మూత వేసేశాడు. అప్పటికి కూర్చుని నిద్రపోవడం మొదలైంది. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు.

ఒకరోజు తనే అడిగాడు. "నన్ను మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికి తీసకపో. ఈసారి ఆయన అన్నది అన్నట్టు రాయి. ఒక్క మాట తగ్గించమాక."

నరసరావుపేటలో అదే గది, అదే స్టూలు. డాక్టరుకు విషయం చెప్పాను. ఆయన నన్నొకసారి చూసి, కుర్చీ నాయన వైపు తిప్పుకుని, నేను రాయడానికి వీలుగా ఆగి ఆగి మాట్లాడాడు. బయట జనం ఉన్నా తొందరపెట్టలేదు. నేను రాసిన ప్రతి పేజీనీ నాయన వేలు పెట్టి చదివాడు. ఊపిరితిత్తుల్లో ఎంత మిగిలి ఉందో చదివాడు. ఆక్సిజను ఎప్పుడు పెట్టాలో చదివాడు. ఆఖరున డాక్టరు కళ్ళలోకి చూస్తూ, "ఎన్నాళ్ళండీ?" అన్నాడు.

డాక్టరు చెప్పాడు. నా చెయ్యి రాసింది. "చలికాలం దాటడం కష్టం."

నాయన ఆ వరుసను మిగతా వాటికంటే వేగంగా చదివాడు. కాగితం చింపమని సైగ చేసి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. డాక్టరుకు దణ్ణం పెట్టాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారి పొడుగునా కొండలు చూస్తూ వచ్చాడు. సంతగుడిపాడు దాటాక నా చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. వినుకొండ బస్టాండు వచ్చేదాకా వదల్లేదు.

ఇంటికొచ్చి చేయాల్సినవి వరుసగా చేశాడు. అమ్మ పేరున మార్చాల్సిన కాగితాలు మార్పించాడు. అలిగి టీ తాగకుండా వెళ్ళిన మనిషిని కబురుపెట్టి పిలిపించుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. దుర్గిలో ఉన్న మా మేనత్తను చూడాలన్నాడు, ఆమెను తీసుకొచ్చాం. భయం లేదా అని నేను ఒకసారి రాసి అడిగాను. "ఉండదా? చానా ఉంది," అన్నాడు. "అయితే ఇప్పుడు ఒక్కణ్ణే గాదు గదా భయపడతంది."

మార్గశిరంలో, మధ్యాహ్నం పూట, గోడకు ఆనించిన దిండు మీద కూర్చుని ఉండగానే పోయాడు. అమ్మ గంజి గిన్నె పట్టుకుని ఎదురుగానే ఉంది. నేను ఆఫీసులో ఉన్నాను.

పదో రోజున వచ్చిన చుట్టాలు, సందులోవాళ్ళు అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. మా దూరపు పెద్దమ్మ ఒకామె నా తల నిమిరి, "ఆడపిల్లవైనా బాగా చూసుకున్నావు. పాపం, జబ్బు సంగతి మనిషికి తెలవకుండా కడదాకా నెట్టుకొచ్చారు. అదొక్కటీ మంచి పని చేశారు," అంది. నలుగురూ అవునన్నారు.

లోపల ఇస్తరాకులు సర్దుతున్న అమ్మ పనాపి గుమ్మంలోకి వచ్చింది.

"ఆయనకన్నీ తెలుసు," అంది. అలవాటైపోయిన గొంతుతో, నాయనకు వినపడాలన్నంత గట్టిగా అంది. "మేం దాచినన్నాళ్ళు దాచాం. ఆయనే చదువుకున్నాడు."

అమ్మ లోపలికి పోయి ఆకులు సర్దుకుంది. నేనూ లేచి ఆమె వెనకే వెళ్ళాను.